అమ్మమ్మ డిసెంబరు 9

మా అమ్మమ్మ వాళ్ళింటి పెరట్లో బావి ఉండేది. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, కోట వీధి దాటాక వచ్చే ఇరుకు సందుల్లో ఒకదాంట్లో ఆ ఇల్లు. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా బావి నీళ్ళు మాత్రం తియ్యగా ఉండేవి. ఇనప గిలక, కొబ్బరి పీచుతో పేనిన చేంతాడు, దాని కొసన రేకు చేద. ఆ చేద పిడికి వేసిన ముడి మా చిన్నమావయ్య వేసింది, 1971 వేసవిలో.

ఆ ముడి ఎలా వెయ్యాలో నాకు నేర్పించాడు. అప్పుడు నాకు పదేళ్ళు. బావి గట్టు మీద నన్ను కూచోబెట్టి, తాడు నా చేతికిచ్చి, "ఇదిగో, ఇది బొరియ. ఎలుక బొరియలోంచి పైకొచ్చింది. చెట్టు చుట్టూ ఓసారి తిరిగింది. పిల్లిని చూసింది. మళ్ళీ బొరియలో దూరిపోయింది. ఇప్పుడు లాగు" అనేవాడు. లాగితే ముడి బిగిసేది. ఎంత బరువు వేసినా జారదు, కావాలంటే వేలితో నెడితే ఊడి వస్తుంది. దాని పేరు బౌలైన్. ఇంజన్ రూములో పనిచేసేవాడివి, ముడులతో నీకేం పని అని మా అమ్మ అడిగితే, "షిప్ మీద వంటవాడికైనా ముడులు రావాలక్కా" అన్నాడు.

మావయ్య పదహారో ఏట నేవీలో చేరాడు. తాతయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. చదువు అబ్బని చిన్నవాడికి గవర్నమెంటు ఉద్యోగం దొరికిందని అందరూ సంబరపడ్డారు. లోనావ్లాలో ఐఎన్ఎస్ శివాజీ అనే నేవీ శిక్షణ కేంద్రంలో ఇంజన్ పని నేర్పించి, బాంబేలో ఓడ ఎక్కించారు. ఓడ పేరు ఖుక్రీ. మేం ఉత్తరాలు రాస్తే అడ్రసు "కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్, బాంబే" అని రాసేవాళ్ళం. సముద్రం మీద తిరిగే మనిషికి పోస్టు ఎలా చేరుతుందో నాకు అంతుబట్టేది కాదు. పోస్ట్‌మాన్ పడవలో వెళ్ళి ఇస్తాడని చాలాకాలం అనుకున్నాను.

ఆ వేసవిలో సెలవు మీద వచ్చినప్పుడు ఒక ట్రాన్సిస్టర్ తెచ్చాడు. గోధుమరంగు తోలు కవరు, దానికి చిన్న చిన్న కన్నాలు. పోస్టాఫీసుకి వెళ్ళి తాతయ్య పేరున లైసెన్సు కూడా తనే కట్టించాడు. వీధిలో అందరి చూపూ ఆ రేడియో మీదే. అమ్మమ్మ చూపు మాత్రం కొడుకు మొహం మీదే. "సముద్రం మీద పనిచేసేవోడివి ఎండకి నల్లబడాల గదా, ఇలా పాలిపోయేవేట్రా?" అంది. మావయ్య నవ్వాడు. "నేను సముద్రం చూసేది తక్కువమ్మా. నీటి గీత కిందే నా పని. బాయిలర్ల దగ్గర."

ఆ మాట అప్పుడు ఎవరికీ పెద్దగా పట్టలేదు. తర్వాత ఇరవై ఏళ్ళు అమ్మమ్మ దాన్నే తలచుకుంది.

నవంబరు నాటికి, పాకిస్తాన్‌తో యుద్ధం వస్తుందని ఊరు ఊరంతా మారిపోయింది. కిటికీ అద్దాలకి నల్ల కాయితాలు అంటించాం. లారీల లైట్లకి పైసగం నల్లరంగు పూశారు. చీకటి పడితే సందులో విజిల్ వేసుకుంటూ "లైట్లార్పండి" అని కేకలు. కాల్‌టెక్స్ ట్యాంకుల మీద బాంబు వేస్తే వన్‌టౌన్ మొత్తం కాలిపోతుందని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవారు. విక్రాంత్ ఇక్కడే ఉందిట, మన సముద్రంలోనేట అని మార్కెట్లో మాట. నిజానికి మన విమానవాహక నౌక విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు వెళ్ళిపోయింది. తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ శత్రువుని మభ్యపెట్టడానికి కావాలనే ఆ ఓడ ఇక్కడే ఉన్నట్టు పుకారు పుట్టించారని, రేషన్‌కీ కూరగాయలకీ పెద్ద పెద్ద ఆర్డర్లు ఊళ్ళో ఇప్పించారని నేను పెద్దయ్యాక చదువుకున్నాను. మా మార్కెట్ కబుర్లు కూడా యుద్ధంలో ఒక భాగమేనని తెలిసి ఆశ్చర్యపోయాను.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద శబ్దం. శబ్దం కంటే నాకు ముందు తెలిసింది గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి కొట్టుకోవడం. తాతయ్య లేచి కూచుని "పోర్టు మీదేశాడు" అన్నాడు. ఎవరం బయటికి వెళ్ళలేదు. పొద్దున్న చూస్తే పోర్టు అలాగే ఉంది, డాల్ఫిన్ నోస్ కొండ అలాగే ఉంది. సముద్రంలో ఏవో తేలుతున్నాయని, జాలర్లకి లైఫ్ జాకెట్ లాంటిది దొరికిందని ఒకటే కబుర్లు. అదే రోజు రాత్రి అవతల మన మిసైల్ బోట్లు కరాచీ రేవు మీద దాడి చేశాయి. ఇప్పుడు మనం నేవీ డే చేసుకునే డిసెంబరు 4 అదే.

మా ఊరి దగ్గర పేలింది పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ అని బయటికి చెప్పింది మాత్రం 9వ తేదీన. మన హార్బర్ ముందే మునిగిపోయిందని, అందులో ఒక్కరూ మిగల్లేదని. మావయ్య తెచ్చిన ట్రాన్సిస్టర్ చుట్టూ సందు సందంతా చేరింది. అమ్మమ్మ బెల్లం గడ్డ పగలగొట్టి అందరికీ ముక్కలు పంచింది. మేం పిల్లలం "మా సముద్రం మింగేసింది, మింగేసింది" అని గెంతుకుంటూ సందు చివరిదాకా వెళ్ళొచ్చాం. నా నోట్లో బెల్లం ఉంది. ఆ తీపి నాకిప్పటికీ గుర్తుంది, ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఆ గెంతులూ గుర్తొస్తాయి.

ఎందుకంటే ఖుక్రీ మునిగింది ఆ రాత్రే.

దేశానికి అవతలి ఒడ్డున, డయ్యూకి సుమారు 40 నాటికల్ మైళ్ళ దూరంలో. రాత్రి దాదాపు 8:45కి. అప్పటికి మేం అన్నాలు తిని, దీపాలార్పి, చీకట్లో పడుకుని ఘాజీ కబుర్లే చెప్పుకుంటున్నాం.

ఆ రాత్రి సంగతులు నాకు ముక్కలు ముక్కలుగా, ఏళ్ళ తరబడి తెలిశాయి. గుజరాత్ తీరం దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఒకటి తిరుగుతోందని తెలిసి, దాన్ని వేటాడమని ఖుక్రీని, దాని జత ఓడ కిర్పాణ్‌ని బాంబే నుంచి పంపారు. రెండూ బ్రిటన్‌లో కట్టిన చిన్న ఫ్రిగేట్లు, సబ్‌మెరైన్లని పట్టడానికే తయారుచేసినవి. కానీ అవతల ఉన్నది హంగోర్. ఫ్రెంచివాళ్ళు కట్టిన కొత్త రకం సబ్‌మెరైన్. దాని చెవులు మన ఓడల చెవులకంటే దూరం వినగలవు. మనం దాన్ని వెతుకుతుండగానే అది మనల్ని చూసేసింది. పైగా ఖుక్రీ మీద సోనార్ (నీళ్ళలో శబ్దంతో సబ్‌మెరైన్‌ని పసిగట్టే సాధనం) పరిధి పెంచే పరికరం ఒకటి పరీక్షలో ఉంది, దానికోసం ఓడ నెమ్మదిగా నడవాల్సి వచ్చిందని నేవీ చరిత్ర రాసినవాళ్ళు చెప్పారు. ఇంజన్ రూములో మావయ్య ఆ నెమ్మది నడకని గేజీల్లో చూస్తూ ఉండి ఉంటాడు. టార్పెడో తగిలాక కొద్ది నిమిషాల్లోనే ఓడ మునిగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సబ్‌మెరైన్ ముంచిన మొదటి యుద్ధనౌక అదే.

18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. మొత్తం 194 మంది. బతికి బయటపడింది 67 మంది.

ఓడ కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా. ఆయన దిగిపోవచ్చు. దిగలేదు. వీలైనంతమందిని సముద్రంలోకి దూకించి, తన లైఫ్ జాకెట్ కూడా ఒక నావికుడికి ఇచ్చేసి, ఓడతోపాటే వెళ్ళిపోయారు. ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు. ఆయన పేరు వినగానే నేను ఇప్పటికీ చేతులు జోడిస్తాను. కానీ ఖుక్రీ గురించి ఎవరు రాసినా కెప్టెన్ దగ్గర మొదలుపెట్టి కెప్టెన్ దగ్గరే ఆపేస్తారు. నీటి గీత కింద, బాయిలర్ల దగ్గర డ్యూటీలో ఉన్నవాళ్ళకి దూకడానికి డెక్ లేదు. పైకి రావాలంటే ఇనప నిచ్చెన, దాని పైన హాచ్, దాని పైన ఇంకో నిచ్చెన. కరెంటు పోయిన చీకట్లో, ఓడ పక్కకి ఒరిగిపోతుంటే. అందుకే ఇది రాస్తున్నాను.

టెలిగ్రామ్ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. సందులో ఒక మాస్టారు చదివి అర్థం చెప్పారు. ఆచూకీ తెలియడం లేదు, మరణించి ఉండవచ్చని భావిస్తున్నాం అని. మాస్టారు రెండో సగం చెప్పేలోపే అమ్మమ్మ మొదటి సగాన్ని పట్టేసుకుంది. "ఆచూకీ తెల్లేదన్నారు గానీ పోయేడన్లేదు గదా" అంది. ఆ మాటని ఎవరూ కాదనలేకపోయారు.

మా మావయ్య గజ ఈతగాడు. చిన్నప్పుడు హార్బర్ కాలువలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈది తాతయ్య చేత బెత్తం దెబ్బలు తిన్నవాడు. ఈదుకుంటూ ఏ ఒడ్డుకో చేరి ఉంటాడని అమ్మమ్మ. 16న ఢాకాలో యుద్ధం ముగిసింది, ఊరంతా టపాకాయలు. 93 వేలమంది పాకిస్తాన్ సైనికులు మన దగ్గర ఖైదీలుగా ఉన్నారని రేడియోలో చెప్పారు. దాంతో అమ్మమ్మకి కొత్త ఆశ. మనదగ్గర వాళ్ళవాళ్ళుంటే, వాళ్ళదగ్గర మనవాళ్ళూ ఉంటారు కదా. కరాచీ జైల్లో ఉన్నాడేమో. 1972లో సిమ్లా ఒప్పందం అన్నప్పుడు, ఖైదీల్ని మార్చుకుంటున్నారు అన్నప్పుడు, ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని కూచునేది. ఆవిడకి అర్థమయ్యే భాషలో వార్తలు అయిపోయాక కూడా, హిందీలో వస్తున్నా ఇంగ్లీషులో వస్తున్నా కట్టేసేది కాదు. పేర్లు చదివితే పేరు పేరే కదా, ఏ భాషలో చదివితే ఏం అనేది.

మధ్యలో తాతయ్య కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఒక ఆఫీసులో గుమస్తా "శవం ఫలానా చోట దహనం చేశామని కాగితం ఏదీ?" అని అడిగాడట. తాతయ్య ఆ రోజు ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత నేవీ వాళ్ళే కాగితాలు పంపారు, పెన్షన్ వచ్చింది. దాని గురించి ఇంకేం చెప్పను.

1972 చివర్లో ఒకాయన వచ్చాడు. మావయ్యతో ఒకే మెస్‌లో ఉన్న నావికుడు, ఆ 67 మందిలో ఒకడు. మా భాష కాదు. వచ్చీరాని హిందీలో మా పెద్దమావయ్య మాటలు కలిపాడు. పొడుగ్గా, సన్నగా, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూచున్నాడు. ఆ రాత్రి తను డెక్ మీద ఉన్నానని, పేలుడికి నీళ్ళలో పడ్డానని, నీళ్ళ మీద అంతా నూనె అని, మర్నాడు ఐఎన్ఎస్ కచ్చల్ వచ్చి తీసేదాకా ఒక తెప్పని పట్టుకుని ఉన్నానని చెప్పాడు. కిందవాళ్ళ గురించి పెద్దమావయ్య అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు, అంతే.

అమ్మమ్మ ఆయనకి విస్తరి వేసింది. చేపల పులుసు చేసింది, మావయ్యకి ఇష్టమని. ఆయన తింటుంటే ఎదురుగా కూచుని, పెద్దమావయ్యతో "అడగరా, నీలు సల్లగున్నాయా అని. డిసెంబరు నెల గదా" అంది. పెద్దమావయ్య హిందీలో అడిగాడు. ఆయన నోటి దగ్గరకి తీసుకెళ్ళిన ముద్దని విస్తట్లో పెట్టేశాడు. జవాబు చెప్పలేకపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి, లేచి చేతులు కడుక్కుని, అమ్మమ్మ కాళ్ళకి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజుతో ఆవిడ రేడియో వినడం మానేసింది. చేప తినడం కూడా మానేసింది. వన్‌టౌన్‌లో పుట్టి పెరిగిన మనిషి, చేప వాసన చూసి అది ఎన్ని గంటలప్పుడు పట్టిందో చెప్పగల మనిషి, చచ్చేదాకా మళ్ళీ ముట్టలేదు.

దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యొచ్చని, శవం దొరకనివాళ్ళకి అలా చేసే పద్ధతి ఉందని పురోహితుడు చెప్పాడు. తాతయ్య సరేనన్నాడు. 1973లో బీచ్‌లో చేశారు. అమ్మమ్మ వెళ్ళలేదు. ఆ పొద్దంతా బావి దగ్గర కూచుంది.

ఆ బావి సంగతి చెప్పాలి. చేంతాడు ఆర్నెల్లకో ఏడాదికో పీచులు లేచిపోతుంది, కొత్తది వెయ్యాలి. కొత్త తాడు కొన్నప్పుడల్లా, చేద దగ్గర మూరెడు పాత తాడు ఉంచేసి, దాని చివరికి కొత్త తాడు కలపమనేది. అంటే మావయ్య వేసిన ముడిని విప్పకూడదు. ఆ కలిపే పని నాది. మావయ్య నేర్పిన వాటిలోదే ఇంకో ముడి వేసి కలిపేదాన్ని. పాత ముక్క నీళ్ళలో నాని నాని నల్లగా, జిగటగా అయిపోయింది. ఎండితే రాయిలా ఉండేది. ఎలుక, చెట్టు, బొరియ ఏదీ విడిగా కనిపించేది కాదు, ఒకటే ముద్ద. 1970లు అయిపోతుండగా ఇంట్లోకి మునిసిపాలిటీ కుళాయి వచ్చింది, చేద అడుగు తుప్పుపట్టి చిల్లి పడింది. అమ్మమ్మ పిడితో సహా ఆ ముడిని తీసి, గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచింది.

ఇక ఏటా డిసెంబరు 9. నాకు బాగా గుర్తున్నది ఇదే. సాయంత్రం చీకటి పడేముందు అమ్మమ్మ పెరుగన్నం కలిపి, అరిటాకులో పెట్టి మడిచి, కొంగు కింద పట్టుకుని బీచ్‌కి నడిచి వెళ్ళేది. తోడుగా నేను. నీళ్ళలో మోకాలు లోతుదాకా దిగి, ఆకు విప్పి, ముద్దలు ముద్దలుగా చేసి వదిలేది. నోట్లో ఏదో అనుకునేది. నేను ఒడ్డున చెప్పులు పట్టుకుని నిలబడేదాన్ని. అది మావయ్యకే అనుకున్నాను చాలా ఏళ్ళు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో, కాస్త తెలివి వచ్చిందనుకునే వయసులో, ఒకసారి అన్నాను. "మావయ్య ఉన్నది ఆ పక్క సముద్రంలో కదా అమ్మమ్మా. ఇక్కడ పెడితే అక్కడికెలా చేరుతుంది?"

అమ్మమ్మ నావైపు వింతగా చూసింది. "ఇది మనోడిక్కాదే" అంది. "ఇక్కడున్నోళ్ళకి."

నాకు అర్థం కాలేదు. హార్బర్ బయట నీళ్ళవైపు చెయ్యి చూపించింది. ఘాజీ ఉన్న వైపు.

"ఆ పిల్లలందరూ మన నీళ్ళలో ఉన్నారు. ఆళ్ళ తల్లులు రాలేరు గదా ఇక్కడికి. నాను అక్కడికి ఎల్లలేనట్టే. నాను ఈళ్ళకి ఇంత ముద్ద పెడితే, ఆ పక్కన ఏ తల్లో మనోడికి పెట్టకపోద్దా?"

ఘాజీలో 90 మందికి పైగా పోయారు. ఖుక్రీని ముంచిన దేశం వాళ్ళు. మా రేవుని ముంచడానికి వచ్చినవాళ్ళు. వాళ్ళు పోయారని తెలిసిన రోజు బెల్లం పంచింది అమ్మమ్మే. వాళ్ళకే ఏటా పెరుగన్నం పెడుతోందని నాకు ఆరోజుదాకా తెలియదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే తాతయ్య ఏమంటాడో. నేనూ ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకి తప్ప.

1989లో పేపర్లో చదివాను, నేవీలోకి కొత్త ఓడ వచ్చింది, దాని పేరు ఖుక్రీ అని. ఈసారి మన దేశంలోనే కట్టారు, మజగావ్ డాక్‌లో. అమ్మమ్మకి అప్పటికి కళ్ళు సరిగా కనిపించడం లేదు. చదివి వినిపించాను. "మునిగిన ఓడ పేరు మల్లీ పెడతారేటే?" అని కంగారుపడింది. నేవీలో అది ఆచారమని, పోయిన ఓడ పేరు కొత్తదానికి పెట్టి నిలబెట్టుకుంటారని చెప్పాను. కాసేపు ఆలోచించింది. "అవున్లే. తాత పేరు మనవడికి ఎట్టుకోమా" అంది. ఆ తర్వాత ఆ ఓడ గురించి అడుగుతూ ఉండేది, ఎవరో చుట్టాలబ్బాయి గురించి అడిగినట్టు. ఎక్కడుంది, బాగానే ఉందా అని. 1991లో అమ్మమ్మ పోయింది.

ఆ మనవడు ఓడ 32 ఏళ్ళు పనిచేసింది. ఆఖరికి దాన్ని సర్వీసు నుంచి తప్పించింది ఎక్కడో తెలుసా? మా విశాఖపట్నంలోనే. 2021 డిసెంబరు 23న, సూర్యాస్తమయం వేళ, జెండా దించి. అది డాక్‌యార్డు లోపల జరిగే వ్యవహారం, మాలాంటి వాళ్ళు చూసేది కాదు. అయినా ఆ సాయంత్రం నేనూ అమ్మా ఆటో కట్టించుకుని బీచ్ రోడ్డు మీదకి వెళ్ళి, సూర్యుడు దిగేదాకా కూచున్నాం. మా వెనకాల 'విక్టరీ ఎట్ సీ' స్తూపం, జనం ఫోటోలు దిగుతున్నారు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. చీకటి పడ్డాక "దించేసుంటార్లే" అంది, లేచాం.

2022 జనవరిలో ఆ ఓడని డయ్యూకి ఇచ్చేశారు, అక్కడ మ్యూజియంగా పెట్టడానికి. మొదటి ఖుక్రీ మునిగిన నీళ్ళకి ఎదురుగా. ఆ వార్త చదివినప్పుడే నిర్ణయించుకున్నాను, వెళ్ళాలని. అమ్మ మోకాళ్ళు సహకరించవు. 2023 డిసెంబరులో నేనూ మా ఆయనా బయల్దేరాం. అహ్మదాబాద్ దాకా వెళ్ళి, సోమనాథ్ చూసుకుని, అక్కడి నుంచి కారులో డయ్యూ. అమ్మ తన పెట్టెలోంచి ఆ గుడ్డ మూట తీసి ఇస్తుందేమో, సముద్రంలో కలిపేసి రమ్మంటుందేమో అనుకున్నాను. ఇవ్వలేదు. అడిగితే, "అది నాకు కావాలి" అంది.

డయ్యూలో సముద్రానికి ఎదురుగా చిన్న గుట్ట ఉంది. దానిమీద అద్దాల గదిలో ఖుక్రీ నమూనా. ఎంత చక్కగా చేశారో. తుపాకులు, పొగగొట్టం, జెండా కర్ర, అన్నీ ఉన్నాయి. నేను వంగి నీటి గీత కోసం చూశాను. దాని కింద ఎక్కడో లోపల నిచ్చెనలు, బాయిలర్లు. మా ఆయన ఫోటో తీస్తానంటే వద్దన్నాను. టూరిస్టు పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు. ఒక బాబు వాళ్ళ నాన్నని గుజరాతీలో ఏదో అడుగుతున్నాడు. ఆ నాన్న సముద్రం వైపు చెయ్యి చాపి చూపించాడు. నేనూ అటే చూశాను. ఎండ పడి తళతళలాడుతున్న నీళ్ళు తప్ప ఏమీ లేదు.

హోటల్లో అడిగి పెరుగన్నం తెచ్చుకున్నాను. అక్కడివాళ్ళకి దాని సంగతి తెలియదు, విడిగా అన్నం, విడిగా పెరుగు ఇచ్చారు. నేనే కలిపాను. అరిటాకు దొరకలేదు, స్టీలు డబ్బాలో పెట్టుకున్నాను. రాత్రి ఎనిమిదిన్నరకి ఒడ్డుకి వెళ్ళాం. జనం లేరు. గాలి బాగా వీస్తోంది. చెప్పులు విప్పి మా ఆయన చేతికిచ్చి, రాళ్ళ మధ్యనుంచి దిగుతుంటే ఫోన్ మోగింది. అమ్మ. టైం చూసుకుని చేసింది.

"వెళ్ళావా?" అంది.

"ఇక్కడే ఉన్నానమ్మా. దిగుతున్నాను."

కాసేపు అటునుంచి మాట లేదు. గాలికి వినిపించడం లేదేమోనని ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"నీళ్ళు చల్లగా ఉన్నాయే?" అంది అమ్మ.

మోకాలు లోతుదాకా దిగాను. ఒక అల వచ్చి చీర తడిపి వెనక్కి వెళ్ళింది. వంగి చెయ్యి పెట్టాను, మణికట్టు దాకా, ఇంకా లోపలికి, మోచెయ్యి దాకా. పైన గాలికే చలి.

"లేవమ్మా" అన్నాను. "గోరువెచ్చగానే ఉన్నాయి."